గడువైపోయిన యాంటీవైరస్ పోనంటోంది, తీద్దామంటే పాస్‌వర్డ్ అడుగుతోంది

నాగావళి_వాసి
శ్రీకాకుళంలో మా నాన్నగారి దగ్గరున్న డెస్క్‌టాప్ గోల ఇది. కొన్నాళ్ల కిందట ఇక్కడే ఒక షాపులో అసెంబుల్ చేయించాం. వాళ్లే ఒక యాంటీవైరస్ వేసి "ఏడాది ఫ్రీ సార్, నిశ్చింతగా వాడుకోండి" అన్నారు. ఆ ఏడాది ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు సిస్టమ్ ఆన్ చేసిన దగ్గర్నుంచీ కుడివైపు కింద ఎర్ర పెట్టె ఒకటి లేచి "మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, వెంటనే రెన్యూ చేయండి" అని బెదిరిస్తోంది. నాన్నగారు అది చూసి బ్యాంకు సైటు తెరవడమే మానేశారు. నవంబరులో పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, అదీ ఈ కంప్యూటర్లో చేయనంటున్నారు.

సరే తీసేద్దామని కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్లి అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతోంది. అది పెట్టింది షాపు కుర్రాడు. ఆ షాపు ఇప్పుడు లేదు, ఆ గదిలో బిర్యానీ పాయింట్ నడుస్తోంది. టాస్క్ మేనేజర్లో ఎండ్ టాస్క్ కొడితే యాక్సెస్ డినైడ్. సర్వీసెస్‌లోకి వెళ్తే స్టాప్ అన్న మాట బూడిద రంగులో ఉంది, నొక్కుడు పడదు. మన డబ్బులతో కొన్న కంప్యూటర్లో మన మాట చెల్లకపోవడం ఏటండీ?

పలాస_జీడిపప్పు
ఫార్మాట్ కొట్టెయ్. పూట పని.

మూడులాంతర్ల_డీటీపీ
జీడిపప్పుగారికి మౌస్ కదలకపోయినా ఫార్మాటే మందు. వాసిగారూ, తొందరపడకండి. ముందు నాలుగు సంగతులు చెప్పండి. విండోస్ ఎంత? ర్యామ్ ఎంత? ప్రోగ్రామ్స్ జాబితాలో ఆ ఒక్క యాంటీవైరసే ఉందా, ఇంకేదైనా ఉందా? డిస్క్‌లో నాన్నగారి ఫొటోలు, కాగితాలు వేరేచోట కాపీ ఉన్నాయా?

నిర్వాహకుడు
వాసిగారు కంపెనీ పేరు రాయకపోవడం మంచిదైంది. ఇక్కడ పేరు పెట్టి తిట్టే పోస్టులు తీసేస్తాను. టూల్స్ పేర్లు చెప్పుకోవడానికి అభ్యంతరం లేదు.

నాగావళి_వాసి
డీటీపీగారూ, విండోస్ 10. ర్యామ్ 4 జీబీ, మామూలు హార్డ్ డిస్క్, ఎస్‌ఎస్‌డీ కాదు. ఐ3 నాలుగో తరం. కాపీ లేదు, ఆదివారం పెన్‌డ్రైవ్ పట్టుకెళ్తాను.

మీరడిగాక జాబితా మళ్లీ చూశాను. యాంటీవైరస్‌లు రెండున్నాయి! షాపు వాళ్లది ఒకటి, నెట్‌లో దొరికే ఫ్రీది ఒకటి. రెండోది మా బావ పండక్కి వచ్చినప్పుడు వేశాడట. "పాతది పనిచేయట్లేదు కదా, కొత్తది వేశాను" అంటున్నాడు.

ఏడురోడ్లు
ఒక ఒరలో రెండు కత్తులు. 4 జీబీ ర్యామ్‌లో అవి రెండూ కొట్టుకుంటుంటే పాపం విండోస్ ఎక్కడ నిలబడుతుంది.

బొబ్బిలి_సుధ
ప్రతి ఇంట్లోనూ కంప్యూటర్ తెలిసిన బావ ఒకడుంటాడు. మా ఇంట్లో అయితే మరిది.

టెక్కలి_తమ్ముడు
ఇంత చర్చ ఎందుకు అన్నా. సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళ్లి ఆ ఫోల్డర్ డిలీట్ కొట్టు. "ఫైల్ ఇన్ యూజ్" అంటే అన్‌లాకర్ లాంటిది వేసి తీసెయ్. నా ల్యాప్‌టాప్‌లో అలాగే తీశాను, హాయిగా ఉంది.

చీపురుపల్లి_చిప్
తమ్ముడూ, ఆ ఫోల్డర్ డిలీట్ మాత్రం వద్దు. ఎందుకో కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

యాంటీవైరస్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కనిపించే ఆ ఫోల్డర్‌తో అయిపోదు. దాని అసలు పట్టు విండోస్ కెర్నెల్లో, అంటే విండోస్‌కి గుండెకాయ లాంటి లోపలి భాగంలో ఉంటుంది. మనం ఏ ఫైలు తెరవబోయినా ముందు దాని డ్రైవర్ చూసి సరే అన్నాకే ఆ ఫైలు మనకి తెరుచుకుంటుంది. ఆ డ్రైవర్లు సిస్టమ్32లో డ్రైవర్స్ అనే ఫోల్డర్లో ఉంటాయి, విండోస్ లేస్తూండగానే లోడ్ అయిపోతాయి. యాంటీవైరస్ రాసేవాళ్లకి ఒక సంగతి బాగా తెలుసు: వైరస్ లోపలికి రాగానే ముందు యాంటీవైరస్ పీకే నొక్కబోతుంది. అందుకని తన ప్రాసెస్‌లనీ సర్వీసులనీ రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే చోటు) తన కీలనీ ఎవరూ ముట్టుకోకుండా ఆ డ్రైవరే కాపలా కాస్తుంది. దీన్నే సెల్ఫ్ డిఫెన్స్ అంటారు. మీరు అడ్మిన్ అయినా ఒకటే. ఎండ్ టాస్క్ కొట్టింది వాసిగారా, వైరసా అనేది దానికి అనవసరం, ఇద్దరికీ యాక్సెస్ డినైడే.

ఫోల్డర్‌ని బలవంతాన పీకితే పైనున్న కిటికీలూ బొమ్మలూ పోతాయి. కింద డ్రైవర్ అలాగే ఉంటుంది. తన తక్కిన ఫైళ్లేవీ దొరక్క అది ఏం చేస్తుందో చెప్పలేం. కొన్నిట్లో ఏమీ కాదు, కొన్నిట్లో నెట్ పోతుంది, కొన్నిట్లో నీలి తెర వస్తుంది. కెర్నెల్లో కూర్చున్న సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌లో తేడా వస్తే ఎలా ఉంటుందో 2024 జూలై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ చెప్పిన లెక్కే 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అక్కడ కూడా చాలాచోట్ల టెక్నీషియన్లు ఒక్కో మెషీన్‌ని సేఫ్ మోడ్‌లోకి (తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ లేచే పద్ధతి) తీసుకెళ్లి ఆ ఒక్క ఫైలు తీయాల్సి వచ్చింది.

టెక్కలి_తమ్ముడు
నాది రెండేళ్ల నుంచి బాగానే ఉంది కదా అన్నా.

చీపురుపల్లి_చిప్
ఉండొచ్చు. ఒక పని చెయ్. కమాండ్ ప్రాంప్ట్‌ని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిచి ఎఫ్ ఎల్ టి ఎం సి అని ఐదక్షరాలు ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కు. ఫైళ్ల మధ్యలో కూర్చున్న ఫిల్టర్ డ్రైవర్ల జాబితా వస్తుంది. పక్కన ఆల్టిట్యూడ్ అని ఒక అంకె ఉంటుంది. 320000 నుంచి 329999 వరకు యాంటీవైరస్‌లకి కేటాయించిన స్థలం. అందులో డబ్ల్యూడీఫిల్టర్ అనేది విండోస్ సొంత డిఫెండర్, దాని జోలికి పోకు. అది కాకుండా ఇంకేదైనా ఉంటే చెప్పు.

టెక్కలి_తమ్ముడు
ఇంకోటి ఉంది. 😐 పేరు చూస్తే అదే.

ఏడురోడ్లు
హాయిగా ఉంది అన్నావు కదా తమ్ముడూ.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు
చిప్‌గారి వివరణ బాగుంది గానీ నాకొక అభ్యంతరం ఉంది. వైరస్‌కి భయపడి తాళం వేసుకున్నారు, సరే. ఆ తాళం చెవి ఇంటి యజమానికి ఇవ్వాలా వద్దా? డబ్బులు కట్టినన్నాళ్లూ రక్షణ, కట్టడం మానేశాక బెదిరింపు. గడువు తీరాక కూడా ర్యామ్ తింటూ, తీయబోతే అడ్డం పడుతూ ఉంటే దాన్ని రక్షణ అని ఎలా అంటాం? అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే ముందు "ఎందుకు వెళ్తున్నారు?", తర్వాత "60 శాతం డిస్కౌంట్", ఆ తర్వాత "ఖాయమేనా?". బటన్ కూడా ఉండమనేది పెద్దగా పచ్చగా, వెళ్తాననేది చిన్నగా బూడిదగా. ఇది వైరస్‌కి వేసిన తాళమా, ఖాతాదారుకి వేసిన తాళమా?

చీపురుపల్లి_చిప్
మాస్టారూ, ఆ డిస్కౌంట్ తెరల సంగతిలో మీతో నూటికి నూరు. అది వ్యాపారమే. డ్రైవర్ కాపలా మాత్రం వేరే సంగతి, అది లేకపోతే డబ్బు కట్టినవాడికి కూడా అది దండగ. పాస్‌వర్డ్ కూడా కంపెనీ తనంతట తాను పెట్టదు. సెట్టింగ్స్‌లో ఎవరో ఆన్ చేస్తేనే అడుగుతుంది. ఆఫీసుల్లో ఉద్యోగులు తీసేయకుండా, ఇళ్లల్లో పిల్లలు తీసేయకుండా పెట్టుకునే సదుపాయం అది. ఇక్కడ షాపు కుర్రాడు పెట్టి, చెప్పకుండా పోయాడు.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు
సగం మార్కులు ఇస్తాను.

మూడులాంతర్ల_డీటీపీ
తీసే ముందు ఒక మాట, చాలామంది మర్చిపోయేది. ఆ యాంటీవైరస్ తెరిచి క్వారంటైన్ జాబితా చూడండి. వైరస్ అనుకుని అది లోపల దాచేసిన మన ఫైళ్లు అక్కడుంటాయి. యాంటీవైరస్‌తో పాటు అవీ పోతాయి, మళ్లీ దొరకవు. మా షాపులో పెళ్లి శుభలేఖలకి వాడే ఒక పాత తెలుగు టైపింగ్ ప్రోగ్రామ్ ఫైలుని అలాగే లోపల పడేసింది. మాఘమాసం ముహూర్తాల సీజన్‌లో, గుమ్మంలో పెళ్లివారు నిలబడి ఉండగా, అక్షరాలన్నీ పెట్టెలు పెట్టెలుగా కనిపించాయి. క్వారంటైన్‌లో రీస్టోర్ కొట్టాకే పని నడిచింది. అయితే ఏది పడితే అది రీస్టోర్ చేయకండి. మీకు బాగా తెలిసిన ఫైలైతేనే.

నాగావళి_వాసి
చూశాను. నాన్నగారి ఆదాయపు పన్ను ఎక్సెల్ ఫైలు ఒకటి అందులో ఉంది, మాక్రోలు ఉన్నాయని కాబోలు. బయటికి తీశాను. ఇప్పుడు పాస్‌వర్డ్ సంగతి చెప్పండి.

మూడులాంతర్ల_డీటీపీ
ముందు మీ బావగారి ఫ్రీదాన్ని సాధారణ పద్ధతిలోనే తీసేయండి, దానికి పాస్‌వర్డ్ లేదు కదా. తీశాక రీస్టార్ట్. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం కాదు, రీస్టార్టే. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా కెర్నెల్ పూర్తిగా పడుకోదు, దాన్ని అలాగే డిస్క్‌లో దాచి మళ్లీ లేపుతుంది. తీసేసిన డ్రైవర్ కూడా దాంతోపాటే లేస్తుంది. మా షాపుకి వచ్చేవాళ్లలో "ఆఫ్ చేసి ఆన్ చేశానండీ, పోలేదు" అనేవాళ్లు ఎక్కువ. రీస్టార్ట్ నొక్కగానే పోతుంది.

షాపువాళ్లది రెండో విడత. దాదాపు ప్రతి పెద్ద కంపెనీకి సొంత రిమూవల్ టూల్ ఉంటుంది. మెకాఫీకి ఎంసీపీఆర్, అవాస్ట్‌కి అవాస్ట్ క్లియర్, ఏవీజీకి ఏవీజీ క్లియర్, కాస్పర్‌స్కీకి కేఏవీ రిమూవర్, నార్టన్‌కి రిమూవ్ అండ్ రీఇన్‌స్టాల్, ఈసెట్‌కి ఈసెట్ అన్‌ఇన్‌స్టాలర్. మీది ఏ కంపెనీయో దాని సొంత సైటులో సపోర్ట్ పేజీకి వెళ్లి దించుకోండి. సేఫ్ మోడ్‌లో కాపలా డ్రైవర్ లేవదు కాబట్టి, పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లకి కంపెనీలు చూపించే దారి కూడా చాలావరకు ఈ టూల్‌ని సేఫ్ మోడ్‌లో నడపడమే. అదీ కుదరకపోతే బిల్లు, లైసెన్స్ కీ పట్టుకుని కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టాలి.

కొత్తూరు_కిరణ్
సేఫ్ మోడ్‌లోకి వెళ్లి మామూలు అన్‌ఇన్‌స్టాలే చేసుకోవచ్చు కదా? టూల్ దేనికి?

చీపురుపల్లి_చిప్
చాలావాటికి కుదరదు కిరణ్‌గారూ. సేఫ్ మోడ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీసు నడవదు. ఎంఎస్‌ఐ ద్వారా, అంటే ఆ సర్వీసు చేత ఎక్కిన ప్రోగ్రామ్ అక్కడ తీయబోతే "ఇన్‌స్టాలర్ సర్వీస్ కుడ్ నాట్ బీ యాక్సెస్డ్" అంటుంది. అందుకే టూల్. దాన్ని ముందే మామూలు మోడ్‌లో డెస్క్‌టాప్ మీదికి దించుకుని పెట్టుకోండి, సేఫ్ మోడ్‌లో నెట్ రాదు.

సేఫ్ మోడ్‌కి దారి: స్టార్ట్ మెనూలో పవర్ నొక్కి, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్. నీలి తెర మీద ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, మళ్లీ రీస్టార్ట్, వచ్చిన జాబితాలో 4 నొక్కండి. విండోస్ 7 రోజుల్లోలా ఎఫ్8 కొడుతూ కూర్చుంటే రాదు.

పార్వతీపురం_పద్మ
ఎంఎస్ కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టే పద్ధతి ఎవరైనా చెబితే మాత్రం జాగ్రత్త. ఆ టిక్ మళ్లీ తీసేదాకా ప్రతిసారీ సేఫ్ మోడ్‌లోకే వెళ్తుంది. మా అన్నయ్య పిన్‌తో లాగిన్ అయ్యేవాడు, సేఫ్ మోడ్‌లో ఆ పిన్ తీసుకోలేదు. మైక్రోసాఫ్ట్ పాస్‌వర్డ్ గుర్తులేదు. లోపలికి వెళ్తే తప్ప టిక్ తీయలేడు, టిక్ తీస్తే తప్ప పిన్ పనిచేయదు. చివరికి వేరే కంప్యూటర్లో పాస్‌వర్డ్ మార్చుకుని వచ్చాడు. పాస్‌వర్డ్ తెలుసో లేదో ముందే చూసుకోండి.

కొత్తూరు_కిరణ్
కొత్త ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి ఇంకోటి. విండోస్ 11లో ఈ రికవరీ తెరల్లోకి వెళ్తే బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) కీ అడగొచ్చు, 48 అంకెలు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉంటుంది. అది ఫోన్లో తెరిచి పెట్టుకుని అప్పుడు మొదలెట్టండి.

పలాస_జీడిపప్పు
ఫార్మాట్ అయితే ఇవేవీ ఉండవు.

బొబ్బిలి_సుధ
ఫొటోలు కూడా ఉండవు.

వంశధార_గట్టు
డీటీపీగారు "కంపెనీ సొంత సైటులో" అన్న ముక్క కింద రెండు గీతలు గీయండి. నరసన్నపేటలో మా చిన్నాన్న ఇలాగే యాంటీవైరస్ తీయడానికి కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతికాడు. పైన కనిపించిన నంబరుకి కొట్టాడు. అవతలివాడు తీరిగ్గా, మర్యాదగా మాట్లాడాడు. "మీ కంప్యూటర్లో నేనే తీసేస్తాను సార్" అని స్క్రీన్ షేర్ చేసే యాప్ వేయించాడు. నల్ల తెర మీద ఏవో పచ్చ అక్షరాలు పరిగెత్తించి "చూశారా, ఎన్ని వైరస్‌లో" అన్నాడు. ఆ తర్వాత "రిఫండ్ వస్తుంది, బ్యాంకు తెరవండి". చిన్నాన్న తెరవబోతుంటే పిన్ని వచ్చి వైఫై ప్లగ్గు పీకేసింది. ఆవిడకి కంప్యూటర్ తెలియదు, "డబ్బు ఇస్తానని వాడు బ్యాంకు తెరవమనడమేటి" అని మాత్రం తెలుసు.

యాంటీవైరస్ కంపెనీ గానీ మైక్రోసాఫ్ట్ గానీ తనంతట తాను ఫోన్ చేసి మీ సిస్టమ్‌లో వైరస్ ఉందని చెప్పదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టాలి. ఎంత తొందరగా కొడితే డబ్బు దారిలో ఆగే వీలు అంత ఎక్కువ.

ఏడురోడ్లు
పిన్నిగారే అసలైన ఫైర్‌వాల్.

పార్వతీపురం_పద్మ
ఇంకో డబ్బుల సంగతి. ప్రోగ్రామ్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగిపోదు. కార్డుతోనో యూపీఐతోనో ఆటో రెన్యువల్ పెట్టి ఉంటే ఏడాది తిరగ్గానే డబ్బు కట్ అవుతుంది, కంప్యూటర్లో అది ఉన్నా లేకపోయినా. కంపెనీ సైటులో అకౌంట్ తెరిచి ఆపాలి, యూపీఐ అయితే యాప్‌లో ఆటోపే జాబితాలో రద్దు చేయొచ్చు. రిజర్వ్ బ్యాంకు రూలు ప్రకారం డబ్బు లాగే ముందు కనీసం 24 గంటల ముందు మెసేజ్ పంపాలి. ఆ మెసేజ్‌ని లోన్ ప్రకటన అనుకుని తుడిచేయకండి.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు
వాసిగారూ, లైఫ్ సర్టిఫికెట్‌కి ఈ కంప్యూటర్ కోసం ఆగక్కర్లేదు. జీవన్ ప్రమాణ్ ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లో ముఖం చూపించి చేసుకోవచ్చు. నేను అలాగే ఇస్తున్నాను. వేలిముద్ర యంత్రం అవసరం లేదు. మన వయసువాళ్ల వేలిముద్రలు ఎలాగూ పడి చావవు.

నాగావళి_వాసి
మాస్టారూ, ఈ ముక్క నాన్నగారికి చదివి వినిపించాను. సగం టెన్షన్ దిగిపోయింది ఆయనకి.

మూడులాంతర్ల_డీటీపీ
మంగళవారం సిరిమానోత్సవం, మా విజయనగరంలో ఆ రోజు కాలు పెట్టడానికి చోటుండదు. షాపు రెండు రోజులు మూస్తాను. ఏదైనా అడగాలంటే ఆదివారమే అడిగేయండి వాసిగారూ.

నాగావళి_వాసి
ఆదివారం కథ వినండి.

ఫొటోలూ కాగితాలూ పెన్‌డ్రైవ్‌లో వేశాక, బావ వేసిన ఫ్రీదాన్ని తీశాను. మాస్టారు చెప్పిన మూడు తెరలూ వరసగా వచ్చాయి, డిస్కౌంట్ శాతంతో సహా. రీస్టార్ట్. తర్వాత టూల్ దించి, షిఫ్ట్ రీస్టార్ట్, 4. తెర నాలుగు మూలలా సేఫ్ మోడ్ అని రాసుకుని, బొమ్మలన్నీ పెద్ద పెద్దగా వచ్చాయి. నాన్నగారు "పాడు చేసేశావు" అని వెనకాల నిలబడ్డారు. టూల్ నడిపాను. పాస్‌వర్డ్ అడగలేదు! గీత సగం దాకా వచ్చేసరికి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి ఠపీమని ఆగిపోయింది.

పలాస_జీడిపప్పు
😂😂 ఇప్పుడైనా ఫార్మాట్ అంటావా లేదా?

నాగావళి_వాసి
అనాల్సిన అవసరం రాలేదు. కరెంటు వచ్చాక మళ్లీ సేఫ్ మోడ్‌లోకి వెళ్లి టూల్ మొదటి నుంచి నడిపితే పూర్తయింది. మామూలుగా రీస్టార్ట్ చేశాను. యాంటీవైరస్ గుర్తు కింద వరసలో లేదు, జాబితాలోనూ లేదు. కానీ రెండు తిప్పలు మిగిలాయి. ఒకటి, నెట్ రావడం లేదు. కేబుల్ పెట్టి ఉంది, ఫోన్లో వైఫై వస్తోంది, కంప్యూటర్లో మాత్రం లేదు. రెండోది తర్వాత చెబుతాను, ముందు ఇది చెప్పండి.

చీపురుపల్లి_చిప్
సగంలో కరెంటు పోవడం వల్ల నెట్‌వర్క్ ఫిల్టర్ మిగిలి ఉంటుంది. నెట్‌వర్క్ కనెక్షన్స్‌లో ఈథర్నెట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్. అక్కడ వరసగా టిక్కులతో ఒక జాబితా ఉంటుంది. ఐపీవీ4, ఐపీవీ6 లాంటివి విండోస్‌వి, వాటిని వదిలేయండి. ఆ యాంటీవైరస్ పేరుతో ఫిల్టర్ అని ఏదైనా ఉంటే దాన్ని ఎంచి కింద అన్‌ఇన్‌స్టాల్ నొక్కండి. తర్వాత అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌ఎస్‌హెచ్ విన్‌సాక్ రీసెట్ (netsh winsock reset), మధ్యలో ఖాళీలతో. రీస్టార్ట్.

నాగావళి_వాసి
ఉంది, ఆ పేరుతోనే ఉంది. తీశాను. నెట్ వచ్చింది. చిప్‌గారూ, మీరు చీపురుపల్లి నుంచి చేయి చాపి తీసినట్టుంది.

ఇక రెండోది. ఎర్ర పెట్టె ఇంకా వస్తోంది! యాంటీవైరస్ లేదు, కానీ "మీ యాంటీవైరస్ గడువు తీరింది, 5 వైరస్‌లు దొరికాయి" అని అదే మూల నుంచి లేస్తోంది. నాన్నగారు ఇక బ్యాంకు ముఖం చూడనంటున్నారు.

ఏడురోడ్లు
దెయ్యం అయి తిరుగుతోందన్నమాట.

మూడులాంతర్ల_డీటీపీ
ఆగండాగండి. ఆ పెట్టె లేచినప్పుడు దాన్ని నొక్కకుండా దగ్గరగా చూడండి. పైన గానీ కింద గానీ చిన్న అక్షరాల్లో క్రోమ్ అని, దాని పక్కన ఏదైనా సైటు పేరు ఉందా?

నాగావళి_వాసి
ఉంది. గూగుల్ క్రోమ్ అని ఉంది, పక్కన ఎప్పుడూ వినని సైటు పేరు, అంకెలూ అక్షరాలూ కలిపి.

మూడులాంతర్ల_డీటీపీ
అయితే అది ఏ యాంటీవైరస్‌దీ కాదు. బ్రౌజర్ నోటిఫికేషన్. నాన్నగారు పంచాంగమో, పీడీఎఫ్‌లో ఫారమో వెతుకుతూ ఏదో సైటుకి వెళ్లి ఉంటారు. "మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి" అని అడిగి ఉంటుంది. అలో నొక్కితే ఆ సైటు ఎప్పుడంటే అప్పుడు మూలలోంచి లేచే హక్కు సంపాదిస్తుంది. అసలు యాంటీవైరస్ బొమ్మలూ రంగులూ అచ్చంగా దించి పంపుతారు. అందులో రెన్యూ నొక్కితే వంశధార_గట్టుగారి చిన్నాన్నకి తగిలినవాడి లాంటివాళ్ల దగ్గరికే పోతారు.

క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అలౌడ్ అని ఉన్న జాబితాలో తెలియనివన్నీ రిమూవ్. అదే పేజీలో పైన, సైట్లు అసలు అడగకుండా ఉండే ఎంపిక కూడా ఉంది. పెద్దవాళ్ల కంప్యూటర్లో అది పెట్టేయడమే నయం.

నాగావళి_వాసి
పద్నాలుగు సైట్లు ఉన్నాయండీ! అన్నీ పీకేశాను. పెట్టె పోయింది. అంటే ఇన్నాళ్లూ నాన్నగారిని భయపెట్టింది సగం ఇదేనన్నమాట.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు
నా ఆరోపణల్లో కొన్ని వాపసు తీసుకోవాలేమో. డిస్కౌంట్ తెరల మీది ఆరోపణ మాత్రం తీసుకోను.

సాలూరు_నెట్‌సెంటర్
ఇప్పుడు కొత్తగా ఏ యాంటీవైరస్ వేస్తారు మరి? ఖాళీగా ఉంచకండి.

చీపురుపల్లి_చిప్
ఖాళీగా లేదు. బయటి యాంటీవైరస్ ఉన్నంతసేపూ విండోస్ డిఫెండర్ పక్కకి తప్పుకుంటుంది, అది పోగానే తనే ఆన్ అవుతుంది. వాసిగారూ, విండోస్ సెక్యూరిటీ తెరిచి వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ దగ్గర పచ్చ టిక్ ఉందో లేదో చూడండి. ఇంటి వాడకానికి అది చాలు.

సాలూరు_నెట్‌సెంటర్
మీ ఇంటికి చాలేమో. మా సెంటర్‌కి రోజంతా పెన్‌డ్రైవ్‌లు వస్తూనే ఉంటాయి, హాల్ టికెట్లు, ఆధార్ కాపీలు, బయోడేటాలు. సగం వాటిలో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయి ఉంటాయి. నేను డబ్బు కట్టి ఒకటి వాడుతున్నాను, ఏ రోజూ బాధపడలేదు. డిఫెండర్ చాలనేవాళ్లు ఒక్క రోజు నా కుర్చీలో కూర్చోండి.

చీపురుపల్లి_చిప్
మీ పని వేరు, ఒప్పుకుంటాను. వాసిగారి నాన్నగారి ఇంటికి రోజుకి ఎన్ని పెన్‌డ్రైవ్‌లు వస్తాయి చెప్పండి. ఆయనకి యాంటీవైరస్ కంటే పెద్ద చిక్కు వేరే ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14న ఆగిపోయింది. పేరు నమోదు చేసుకుంటే ఇళ్లవాళ్లకి సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా ఇస్తామన్నారు. నాలుగో తరం ఐ3 కాబట్టి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, అది ఎనిమిదో తరం నుంచే. బ్యాంకు పని ఉంటే ఈ సంగతి ముందు చూసుకోండి.

పార్వతీపురం_పద్మ
అంతవరకు ఒక 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించండి. యాంటీవైరస్ తీస్తే వచ్చే వేగం కంటే అది వేస్తే వచ్చే వేగం ఎక్కువ.

నాగావళి_వాసి
డిఫెండర్‌కి పచ్చ టిక్ ఉంది. అప్‌డేట్ పేజీలో నమోదు లింకు కూడా కనిపించింది, చేశాను. యూపీఎస్ బ్యాటరీ, ఎస్‌ఎస్‌డీ కలిపి దసరా బోనస్‌లో రాసుకున్నాను. నాన్నగారు పొద్దున్నే బ్యాంకు తెరిచి పెన్షన్ పడిందో లేదో చూసుకున్నారు. బావకి మాత్రం "ఇంకెప్పుడూ ఏదీ వేయకు" అని ఫోన్ చేసి చెప్పారు.

బొబ్బిలి_సుధ
పండక్కి వస్తాడుగా, చూద్దాం.

టెక్కలి_తమ్ముడు
నా మిగిలిపోయిన డ్రైవర్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ డాట్ ఎస్‌వైఎస్ ఫైలు తీసేయనా?

చీపురుపల్లి_చిప్
ముట్టుకోకు. రిజిస్ట్రీలో దాన్ని పిలిచే కీ ఉంటుంది. ఫైలు లేక కీ మిగిలితే ఇంకో తలనొప్పి. ఆ కంపెనీ రిమూవల్ టూల్ సేఫ్ మోడ్‌లో నడుపు. టూల్ "ఇక్కడ మా ప్రోగ్రామ్ లేదు" అంటే, అదే యాంటీవైరస్‌ని మళ్లీ పూర్తిగా ఇన్‌స్టాల్ చేసి, ఆ తర్వాత పద్ధతిగా తీసెయ్. కొత్త ఇన్‌స్టాలర్ పాత ముక్కల మీదే కూర్చుంటుంది కాబట్టి పోయేటప్పుడు వాటినీ పట్టుకుపోతుంది.

టెక్కలి_తమ్ముడు
టూల్ లేదు పొమ్మంది. మళ్లీ వేశాను, "మళ్లీ మాతో చేరినందుకు ధన్యవాదాలు" అంది. తీశాను, "ఎందుకు వెళ్తున్నారు?" అంది. రీస్టార్ట్ చేసి ఆ ఐదక్షరాలు కొడితే ఇప్పుడు డబ్ల్యూడీఫిల్టర్ ఒక్కటే ఉంది.